మొదటి షాట్‌గన్ మార్చాలా, ఉంచాలా? ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటున్న మన కోనసీమ తమ్ముడికి జవాబు

ఈ వారం ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదే నడుస్తుంది. మామిడికుదురు కుర్రాడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. హైదరాబాద్‌లో ఉద్యోగం. శని, ఆదివారాలు ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. లైసెన్స్ ఉంది, సొంత తుపాకీ ఉంది. 12 బోర్, ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే ఓవర్ అండర్ రకం, 28 అంగుళాల బ్యారెళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏడాదిన్నరగా 25కి 14, 15 దగ్గరే ఆగిపోయాడు. రేంజ్‌లో పక్కవాళ్లు "ఈ గన్‌తో ఇంతకంటే రాదు బాస్, ఇటలీది తీసుకో" అంటున్నారట. ఇంటికి ఫోన్ చేసి ఈ మాట చెప్తే నాన్నగారు, ఆయన మనసు చూడండి, "30 సెంట్ల కొబ్బరితోట అమ్మేద్దాంరా, మంచిదే కొనుక్కో" అన్నారట. ఇప్పుడు కుర్రాడికి నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు అని అడుగుతున్నాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను. తోట అమ్మొద్దు తమ్ముడూ. ఇప్పుడే అమ్మొద్దు. నీకు వచ్చే 14కీ, నీకు కావాల్సిన 20కీ మధ్య ఉన్నది తుపాకీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. ముందు అది తేల్చాలి. తేల్చడానికి పద్ధతి ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు.

చూసేవాళ్లలో చాలామందికి ఈ ఆట కొత్త కాబట్టి రెండు నిమిషాలు ఆట గురించి చెప్పుకుందాం. తెలిసినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

క్లే అంటారు గానీ అది మట్టి కాదు. సున్నపురాయి పొడి, తారులాంటి పదార్థం కలిపి అచ్చుపోసిన చిన్న పళ్లెం. అడ్డంగా 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. మన అరచేతిలో పడుతుంది. ట్రాప్‌లో షూటర్ నిలబడే చోటికి 15 మీటర్ల ముందు ఒక కందకం ఉంటుంది. అందులో 15 మిషన్లు, మూడేసి చొప్పున ఐదు గుంపులు. షూటర్ అరుస్తాడు, మైకు ఆ గొంతు పట్టుకుంటుంది, పళ్లెం బయటకి దూకుతుంది. ఎటు వస్తుందో ముందు తెలీదు. ఎడమకి 45 డిగ్రీలు, కుడికి 45 డిగ్రీలు, ఆ మధ్యలో ఎటైనా సరే. ఎవరూ కొట్టకపోతే 76 మీటర్ల దూరం వెళ్లి పడుతుంది. నువ్వు కొట్టే సమయానికి నీ నుంచి 30, 35 మీటర్ల దూరంలో ఉంటుంది. అంతా కలిపి ఒక సెకను వ్యవహారం. ఒక్కో పళ్లేనికి క్వాలిఫికేషన్‌లో రెండు తూటాలు కాల్చొచ్చు, ఫైనల్లో ఒక్కటే. 25 పళ్లేలు ఒక రౌండు, ఐదు రౌండ్లు కలిపి 125.

స్కీట్ అని ఇంకో ఆట ఉంది, దాంట్లో పళ్లేలు రెండు వైపుల గదుల్లోంచి అడ్డంగా ఎగురుతాయి. తుపాకీ నడుము దగ్గర పట్టుకుని ఉండాలి, పళ్లెం కనబడ్డాకే భుజానికి ఎత్తాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు తూటా సంగతి. రైఫిల్లో ఒకటే బుల్లెట్ పోతుంది. షాట్‌గన్ తూటాలో సన్న సీసపు గుళ్లు ఉంటాయి. అంతర్జాతీయ రూల్ ప్రకారం తూటాకి 24 గ్రాముల సీసం, అంతకు మించకూడదు. 2.4 మిల్లీమీటర్ల గుళ్లయితే లెక్కకి దాదాపు 300 వస్తాయి. అవి గొట్టం దాటాక విచ్చుకుంటూ పోతాయి. మనూరి వాళ్లకి ఇది చెప్పాలంటే విసురువల గుర్తుచేస్తే చాలు. వైనతేయ మీద పడవలో నిలబడి వల విసిరేవాడిని చూశారు కదా. చేతిలో ఉన్నప్పుడు ముద్ద, గాల్లో గుండ్రంగా విచ్చుకుంటుంది, నీళ్లమీద పడేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. మరీ దగ్గర్లో విసిరితే తెరుచుకోదు, మరీ దూరం విసిరితే మధ్యలో సందులు ఎక్కువ. షాట్‌గన్ అచ్చంగా అంతే.

ఇంకో సంగతి. వల విసిరేవాడు చేప ఉన్నచోట విసరడు, చేప వెళ్తున్న చోట విసురుతాడు. లెక్క వేసి చూద్దాం. గుళ్లు 35 మీటర్లు వెళ్లడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఆ పళ్లెం అప్పటికి సెకనుకి 25 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోంది అనుకోండి, ఆ పదో వంతు సెకనులో రెండున్నర మీటర్లు ముందుకెళ్లిపోతుంది. అంటే పళ్లెం మీదకి గురిపెట్టి కాలిస్తే గుళ్లు నీ ఎత్తంత కంటే ఎక్కువ దూరం వెనక పడతాయి. ట్రాప్‌లో పళ్లేలు మన నుంచి దూరంగా పోతాయి కాబట్టి ఇంత ముందు అవసరం లేదు, కానీ సూత్రం అదే. తుపాకీ కదులుతూనే ఉండాలి, ట్రిగ్గర్ నొక్కాక కూడా కదలాలి. కొత్తవాళ్లు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చెయ్యి ఆపేస్తారు. వల ఎంత ఖరీదైనదైతే ఏంటి, విసిరే చెయ్యి ఆగిపోతే!

సరే, ఇప్పుడు తమ్ముడి 14 దగ్గరకి వద్దాం.

25లో 11 పోతున్నాయి. ఏవి పోతున్నాయి? ఈ ప్రశ్న అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "అలా గుర్తుండవు కదండీ" అంటారు. గుర్తుండక్కర్లేదు, రాసుకోవాలి. ట్రాప్ రౌండులో ఒక అందం ఉంది. ప్రతి షూటర్‌కీ 25లో ఎడమకి 10, కుడికి 10, నేరుగా 5 వస్తాయి. అందరికీ అంతే, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. కాబట్టి పది రౌండ్లు రాస్తే నీ దగ్గర ఎడమవి 100, కుడివి 100, నేరుగావి 50 ఉంటాయి. ఫోన్‌లో నోట్స్ తెరిచి ప్రతి రౌండు అయ్యాక మూడు అంకెలు కొట్టు. ఎన్ని మొదటి తూటాకి పగిలాయి, ఎన్ని రెండోదానికి పగిలాయి అనేది కూడా రాయి.

పది రౌండ్ల తర్వాత ఆ కాగితం మాట్లాడుతుంది. తప్పులు మూడు వైపులా చెల్లాచెదురుగా ఉంటే, ఒకరోజు 18, ఒకరోజు 11 వస్తుంటే, అది తుపాకీ పని కాదు. తుపాకీ శనివారం ఒకలా ఆదివారం ఇంకోలా కాల్చదు. అది నిలబడే తీరు, నిద్ర, తొందర, తూటా దెబ్బకి ముందే కళ్లు మూసుకోవడం, వీటి పని. తప్పులు ఒకేవైపు గుట్టగా పడితే మాత్రం ఆలోచించాలి. నేరుగా పోయే 5 ఉన్నాయి చూడండి, వాటి మీద నాకు ప్రత్యేకమైన కన్ను. వాటికి పక్కకి ముందు చూపించాల్సిన పనే లేదు. అవి కూడా సగం పోతున్నాయంటే, నువ్వు చూస్తున్న చోటికి నీ తుపాకీ కాల్చట్లేదేమో అని అనుమానించాలి.

ఆ అనుమానం తీర్చుకోవడానికి ప్యాటర్న్ పరీక్ష ఉంది. రేంజ్‌లో కోచ్‌ని అడిగితే ఏర్పాటు చేస్తారు. పెద్ద తెల్ల కాగితం, మధ్యలో నల్ల చుక్క, 35 మీటర్ల దూరం. రైఫిల్‌లా గురి పెట్టకుండా, పళ్లేనికి ఎత్తినట్టే ఎత్తి ఆ చుక్కకి కాల్చాలి. ఒక్కో గొట్టంతో ఐదారు కాగితాలు. ఒక్క కాగితం చూసి నిర్ణయానికి రావద్దు. గుళ్ల గుంపు మధ్యభాగం ప్రతిసారీ చుక్కకి ఎడమ పక్కనో, కిందనో ఉందా? అదే జబ్బు. చుక్కకి కాస్త పైన ఉంటే కంగారు పడకండి. ట్రాప్ పళ్లెం పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి ట్రాప్ తుపాకులు కావాలనే కొంచెం పైకి కాల్చేలా చేస్తారు. రెండు గొట్టాల గుంపులూ ఒకే చోట పడుతున్నాయో లేదో కూడా ఆ కాగితాల మీదే తెలుస్తుంది. వేర్వేరు చోట్ల పడితే మాత్రం దానికి చిన్న రిపేర్ ఏమీ ఉండదు, అది మార్చాల్సిన తుపాకీయే.

ఎడమకో, కిందకో పడుతుంటే జబ్బు చాలావరకు చెక్కలో ఉంటుంది, ఇనుములో కాదు. ఈ ఒక్క మాట అర్థమైతే నాన్నగారి తోట మిగిలినట్టే.

షాట్‌గన్‌కి రైఫిల్‌లా వెనక గురిబద్ద ఉండదు. ముందు చిన్న పూస ఉంటుంది, అంతే. మరి వెనక గురి ఏది? నీ కన్ను. చెంప చెక్క మీద ఎక్కడ ఆనితే కన్ను అక్కడ ఉంటుంది, కన్ను ఎక్కడ ఉంటే దెబ్బ అక్కడికి పోతుంది. చెంప ఆనేచోటు మరీ కిందికి ఉంటే కన్ను దిగిపోతుంది, దెబ్బ కింద పడుతుంది. పళ్లెం సరిగా కనబడక తల పైకెత్తావా, ఈసారి దెబ్బ పైనుంచి పోతుంది. చెక్క పొడవు ఎక్కువైతే ఎత్తేటప్పుడు చంకలో చొక్కాకి తగులుకుంటుంది. పొట్టిదైతే బొటనవేలు ముక్కుకి గుద్దుకుంటుంది, భుజం వాచిపోతుంది. ఈ తుపాకులు ఎక్కువగా యూరప్ మనుషుల కొలతలకి తయారైనవి. ఐదడుగుల ఐదంగుళాల మనవాడికి అది సరిపోకపోవడం వింతేం కాదు.

కల్లు గీసేవాళ్ల మోకు చూశారా? ఒకడి మోకు ఇంకొకడు వేసుకుని చెట్టెక్కడు. ఎవడి నడుముకి, ఎవడి పట్టుకి తగ్గట్టు వాడు కట్టుకుంటాడు. లక్షలు పెట్టి కొన్న తుపాకీ అయినా కొలత కుదరకపోతే అది పక్కవాడి మోకే.

కొలత ఎలా సరిచేస్తారు? చెంప ఎత్తు పెంచడానికి ముందు అంటించి చూసుకునే మెత్తని ప్యాడ్లు ఉన్నాయి. పొడవు పెంచడానికి వెనక రబ్బరు ప్యాడ్ మందంగా వేస్తారు, తగ్గించడానికి చెక్క కోస్తారు. కోసేది ఎప్పుడూ చివర్లోనే. అంటించింది పీకొచ్చు, కోసింది అతకలేం. నెలరోజులు టేపుతో, ప్యాడ్‌తో కాల్చి చూసి, కాగితం మీద గుంపు మధ్యకి వచ్చాకే చెక్కపనివాడి దగ్గరకి వెళ్లాలి. అది కూడా తుపాకీ చెక్క తెలిసినవాడే అయి ఉండాలి, మంచాలు చేసేవాడు కాదు. ఇదంతా కలిపినా కొత్త తుపాకీ ఖర్చులో ఓ మూలకి కూడా రాదు.

ఇంకోటి, ఇది పైసా ఖర్చు లేనిది. నీ ప్రధాన కన్ను ఏది? రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వుని రెండు కళ్లతోనూ చూడు. ఇప్పుడు ఒక్కో కన్నూ మూసి చూడు. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు మొవ్వు సందులోనే ఉంటుందో అదే నీ పెద్ద కన్ను. కుడి భుజం మీద కాలుస్తూ ఎడమ కన్ను పెద్దదైతే, ఎంత తుపాకీ మార్చినా గుంపు పక్కకే పోతుంది. దీనికి కళ్లద్దం మీద చిన్న టేపు ముక్క అంటించడం దగ్గర్నుంచి భుజం మార్చడం దాకా కోచ్ దగ్గర దారులుంటాయి.

ఇంతసేపూ తుపాకీ మార్చొద్దనే చెప్పాను. ఎప్పుడు మార్చాలో కూడా చెప్పాలి కదా, లేకపోతే పిసినారి మాటలా ఉంటుంది.

మొదటిది, ప్రమాదం. బ్యారెళ్లు మూసి దీపం ఎదురుగా పట్టుకుంటే బ్యారెల్ వెనక అంచుకీ దాన్ని మూసే ముఖానికీ మధ్య వెలుతురు గీత కనబడుతోందా? మూసినప్పుడు కొట్టుకుంటోందా? ఒక్క ట్రిగ్గర్ నొక్కితే రెండు తూటాలూ పేలుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే కాల్చడం ఆపాలి. గన్‌స్మిత్ బాగుచేస్తే సరే, కాదంటే మార్చడమే. ఇక్కడ డబ్బు మాట లేదు.

రెండోది, తాతల నాటి జంటగొట్టాల తుపాకీ. మన గోదావరి జిల్లాల్లో పాత కుటుంబాల దగ్గర ఇవి ఉన్నాయి, గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. వాటితో క్లే పగలదా అంటే పగులుతుంది. కానీ అవి పక్షుల వేటకి, మోసుకు తిరగడానికి తేలిగ్గా చేసినవి. మూడు కిలోల అటూఇటూ బరువు. తుపాకీ ఎంత తేలికైతే భుజానికి దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. రోజుకి వంద తూటాలు కాలిస్తే ఎనభయ్యో దానికి నీ ఒళ్లు నీకు తెలీకుండానే ముందే బిగుసుకుంటుంది. ట్రాప్ తుపాకులు మూడున్నర కిలోలు దాటి ఉండేది ఇందుకే. సీరియస్‌గా ఆడాలనుకుంటే ఇలాంటివాళ్లు ఓవర్ అండర్‌కి మారడం సబబే. తాత తుపాకీ పూజకి ఉంచుకోండి.

మూడోది, చోక్. గొట్టం చివర కొంచెం ఇరుకు చేస్తారు, వల ఎంత త్వరగా తెరుచుకోవాలో అది నిర్ణయిస్తుంది. ఫుల్ చోక్ అయితే 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో దాదాపు 70 శాతం గుళ్లు పడతాయి. ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే తెరిపి చోక్ అయితే 50 శాతం. స్కీట్‌కి తెరిపి కావాలి, ట్రాప్‌కి బిగువు కావాలి. స్కీట్ కోసం చేసిన తుపాకీతో ట్రాప్ ఆడుతుంటే మంచి గురి ఉన్నా పళ్లెం సందుల్లోంచి తప్పించుకుంటుంది. చోక్ విప్పి మార్చే రకమైతే సమస్య లేదు, చిన్న గొట్టం ముక్క కొనుక్కోవడమే. మార్చలేని రకమైతే, బిగువు చోక్‌ని గన్‌స్మిత్ తెరిపి చెయ్యగలడు, తెరిపిని బిగువు చెయ్యడం కష్టం. తమ్ముడూ, నీ మెసేజ్‌లో చోక్ ఏంటో రాయలేదు. బ్యారెల్ మీద గుర్తు ఉంటుంది, చూసుకో. 28 అంగుళాల బ్యారెళ్లు స్కీట్‌కి ఎక్కువగా వాడతారు, ట్రాప్‌కి 30, 32 వాడతారు. పొడుగు బ్యారెల్ కొంచెం నిలకడగా తిరుగుతుంది. కానీ ఆ రెండంగుళాల కోసం 14 దగ్గర ఆగిపోరు. 22 దగ్గర ఆగినవాడు అంటే నేను వింటాను.

నాలుగోది, అసలైనది. నీ కాగితం బాగుపడింది, కొలత కుదిరింది, స్కోరు 20 పైన నిలకడగా వస్తోంది, రోజుకి నాలుగు రౌండ్లు కాలుస్తున్నావు, తుపాకీ నెలకోసారి రిపేర్‌కి పోతోంది. అప్పుడు నువ్వు తుపాకీని దాటేశావు. పెద్ద కంపెనీల పోటీ తుపాకులకి అంత ధర ఎందుకంటే అవి అందంగా ఉంటాయని కాదు, లక్షల తూటాలు తట్టుకుంటాయి, ట్రిగ్గర్ భాగం విప్పి నిమిషంలో మార్చుకోవచ్చు. 1964 టోక్యో ఒలింపిక్స్ ట్రాప్‌లో ఇటలీకి చెందిన ఎన్నియో మత్తరెల్లి బంగారు పతకం గెలిచింది పెరాజీ తుపాకీతో. బెరెట్టా అయితే 1526 నుంచి ఉన్న కంపెనీ. మంచివే, ఎవరూ కాదనరు.

మనవాళ్ల లెక్క కూడా చూద్దాం. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్, 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జొరావర్ సింగ్ సంధు, పృథ్వీరాజ్ తొండైమాన్‌తో కలిసి టీమ్ బంగారం గెలిచాడు, విడిగా కాంస్యం కూడా. ముగ్గురూ కలిపి 375కి 361. అంటే ముగ్గురూ కలిసి వదిలేసింది 14 పళ్లేలే. ఆ స్థాయిలో ఒక్క పళ్లెం విలువ ఎంతో 2024 పారిస్‌లో తెలిసింది. స్కీట్ మిక్స్‌డ్ టీమ్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా కాంస్యం కోసం చైనాతో ఆడి 43-44తో ఓడిపోయారు. ఒక్క పళ్లెం! అలాంటి చోట తుపాకీలో రవ్వంత తేడా పతకం తేడా అవుతుంది. 25కి 14 కొట్టేచోట అవ్వదు. వాళ్ల చేతిలో ఏ తుపాకీ ఉందో రీల్స్‌లో చూసి మనం కొనకూడదు.

ఇప్పుడు చట్టం. దీన్ని ఎవరూ వీడియోల్లో చెప్పరు, ఎందుకంటే చాలా వీడియోలు అమెరికావి, ఇంగ్లండ్‌వి. అక్కడ తుపాకీ మార్చడం మన దగ్గర బైక్ మార్చినట్టు ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు.

ఆయుధాల చట్టం 1959ది. 2019 డిసెంబర్‌లో దాన్ని సవరించారు. అంతకు ముందు ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు, ఇప్పుడు రెండే. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. క్రీడాకారులకి విడిగా వెసులుబాటు ఉంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పేరున్న షూటర్లు ఒక ఈవెంట్‌కి 8, రెండు ఈవెంట్లకి 10, అంతకు మించితే 12 దాకా ఉంచుకోవచ్చు. ఎదుగుతున్న షూటర్లకి వాళ్ల ఈవెంట్‌లో రెండు. ఇక్కడ పేరున్న షూటర్ అంటే ఊళ్లో పేరు కాదు. జాతీయ పోటీల్లో నిర్ణయించిన కనీస స్కోరు కొట్టి, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గుర్తింపు తెచ్చుకున్నవాళ్లు. ఇంపోర్ట్ కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. 1980ల నుంచి మామూలు లైసెన్స్‌దారు విదేశీ తుపాకీ తెప్పించుకోవడం లేదు. గుర్తింపు ఉన్న షూటర్లకి అసోసియేషన్ సిఫారసు మీదే దారి, కస్టమ్స్ సుంకం మినహాయింపు కూడా వాళ్లకే.

దీని అర్థం ఏంటి తమ్ముడూ? ఇప్పుడు ఆ ఇటలీ తుపాకీ నువ్వు నేరుగా తెప్పించుకోలేవు. దేశంలో ఇప్పటికే ఉన్న వాటిల్లో, ఎవరైనా అమ్మితే కొనాలి. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, కాబట్టి అదే తుపాకీ ఇక్కడ ఎక్కువ ధర పలుకుతుంది. ఆ కనీస స్కోరు కొట్టి గుర్తింపు తెచ్చుకున్నావంటే అదే తుపాకీ వేరే దారిలో వస్తుంది. అంటే ముందు స్కోరు, తర్వాత తుపాకీ. నేను నీతి చెప్పట్లేదు, ఇక్కడి రూలే అలా ఉంది. తోట ఇప్పుడు అమ్మితే ఎక్కువ ధరకి కొంటావు, స్కోరు తర్వాత ఆలోచిస్తే తోట అమ్మే పని ఉండకపోవచ్చు కూడా.

పాతది అమ్మడం కూడా ఒక రోజు పని కాదు. కొనేవాడికి లైసెన్స్ ఉండాలి. అమ్ముతున్నానని, కొనేవాడి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ రాసి ఇవ్వాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. అప్పుడే చేతులు మారాలి. మీ లైసెన్స్ అమలాపురం చిరునామా మీద ఉందా, హైదరాబాద్ చిరునామా మీద ఉందా అనేది కూడా చూసుకోండి. కాబట్టి "పాతది అమ్మేసి కొత్తది పోటీకి తెచ్చుకుంటా" అని లెక్క వేసేవాళ్లు నెలలు ముందు నుంచి వెయ్యాలి. మధ్యలో తుపాకీ లేని ఖాళీ వస్తే సీజన్ పోతుంది.

21 ఏళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు కామెంట్లలో అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. మీ పేరు మీద మామూలు లైసెన్స్ రాదు, శిక్షణకి మాత్రం పర్యవేక్షణలో వీలుంది. క్లబ్బుకి వెళ్లి కనుక్కోండి. ఇక పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లో కాల్చేవాళ్లు... 2019 సవరణలో దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు. షూటర్ అయితే ఆ రోజుతో ఆట కూడా అయిపోయినట్టే.

మరి ఉన్న డబ్బు దేనికి పెట్టాలి? తూటాలకి. కోచ్‌కి. లెక్క చూడు. ఒక రౌండుకి 25 పళ్లేలు, రెండో తూటా కూడా కాలిస్తే ఎక్కువలో ఎక్కువ 50 తూటాలు. 14 కొట్టేవాడు తప్పిన ప్రతిదానికీ రెండోది కాలుస్తాడు కాబట్టి 40 దగ్గర పడుతుంది. వారానికి మూడు రౌండ్లు అంటే 120 తూటాలు, ఏడాదికి ఆరువేల పైమాటే. మీ దగ్గర తూటా ధర ఎంతో దానితో గుణించి చూడు, కళ్లు తిరుగుతాయి. తోట డబ్బు తుపాకీలో పోసి తూటాలకి డబ్బుల్లేక నెలకోసారి రేంజ్‌కి వెళ్లేవాడు, పాత తుపాకీతో వారం వారం వెళ్లేవాడి కంటే వెనకబడతాడు. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం. నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి అదృష్టవంతుడివి. 2002 జాతీయ క్రీడలకి సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో కట్టిన రేంజ్ నీ ఊళ్లోనే ఉంది. మామిడికుదురులో ఉండి నేర్చుకోవాలంటే రాత్రి బస్సెక్కి తెల్లారి దిగాలి.

ఒకవేళ అన్నీ చూసుకుని, మార్చాల్సిందే అని తేలితే, సెకండ్ హ్యాండ్‌కి భయపడొద్దు. పోటీ తుపాకీ సరిగా చూసుకుంటే తరాలు నడుస్తుంది. కొనేముందు వెలుతురు పరీక్ష చెయ్యి. పైన తెరిచే మీట ఎటు ఆగుతోందో చూడు. కొత్త తుపాకీలో అది మధ్యకి కొంచెం కుడివైపు ఆగుతుంది, అరిగేకొద్దీ ఎడమకి జరుగుతుంది. గొట్టాల్లోకి వెలుతురుకి ఎదురుగా చూడు, లోపల నీడ వలయాలు కనబడితే సొట్ట ఉన్నట్టు. చెక్క ఇనుముని కలిసేచోట సన్న పగుళ్లు వెతుకు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మేవాడి సమక్షంలో రేంజ్‌లో కనీసం రెండు రౌండ్లు కాల్చి, కాగితం మీద కూడా కాల్చి చూడు. అలా కాల్చనివ్వనంటే దణ్ణం పెట్టి వచ్చెయ్.

చివరగా మన ప్రాంతం వాళ్లకి ఒక జాగ్రత్త. సెలవలకి తుపాకీ ఇంటికి తెచ్చుకుంటే మన సముద్రపు గాలి దాన్ని తినేస్తుంది. మామిడికుదురులో ఇంటి గేటుకి రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు తెలుసు కదా. తెచ్చిన రోజే గొట్టాలు లోపల తుడిచి సన్నగా నూనె రాయండి, గుడ్డ సంచిలో ఉంచొద్దు, గుడ్డ తేమ పట్టి ఉంచుతుంది. తాళం వేసిన ఇనుప పెట్టెలో, తూటాలు వేరే చోట. ఆ పెట్టెలో తేమ పీల్చే సిలికా సంచులు నెలకోసారి ఎండలో పెట్టడమో మార్చడమో చెయ్యండి. తుప్పు పట్టిన గొట్టాల గురించే ఇంకో ముగ్గురు అడిగారు, వచ్చే ఎపిసోడ్‌లో ఒక పాత తుపాకీ విప్పి చూపిస్తాను. తమ్ముడూ, పది రౌండ్ల లెక్క రాసి పంపు, మనం కలిసి చూద్దాం. ఉంటానండి.